బొమ్మొచ్చిందా?

ఒకప్పుడు ఊరంతా ఒక్క టీవీ ముందు కూర్చుంది. తర్వాత భాషకో చానల్ వచ్చింది. ఇప్పుడు మనిషికో తెర. తెలుగు, మరాఠీ, ఉర్దూ పక్కపక్కనే వినిపించే కందకుర్తిలో నిలబడి చూస్తే, ఈ నలభై ఏళ్లలో మన టీవీ అలవాటు ఎలా మారిందో ఇంకాస్త బాగా అర్థమవుతుంది.

ఏటా జులై 1న కందకుర్తి టీవీలో కనిపిస్తుంది. ఎగువన మహారాష్ట్రలో ఉన్న బాబ్లీ ప్రాజెక్టు గేట్లు ఆ రోజు ఎత్తాలి, అక్టోబర్ 28 దాకా దించకూడదు. 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. గేట్లు లేస్తే ఆ నీళ్లు తెలంగాణలో ముందుగా పలకరించేది నిజామాబాద్ జిల్లా రెంజల్ మండలంలోని ఈ ఊరినే. మంజీర, హరిద్ర వచ్చి గోదావరిలో కలిసేది ఇక్కడే. వరద ముదిరితే నది నడుమ ఉన్న పాత రాతి శివాలయం నీట మునుగుతుంది. ఆ మునిగిన గుడి ప్రతి చానల్‌కూ కావాలి. మొదట్లో కెమెరా బండ్లు వచ్చేవి. ఇప్పుడు ఒడ్డున ఉన్న పిల్లలే ఫోన్‌లో తీసి పంపేస్తున్నారు. చానల్ యాంకర్ 'బ్రేకింగ్' అనేలోపే ఆ వీడియో బోధన్‌లో, ధర్మాబాద్‌లో, దుబాయ్‌లో తిరిగొస్తుంది.

టీవీలో కనిపించడం ఇంత తేలికైన ఈ ఊరి పెద్దల్ని కదిపి చూడండి. ఒకప్పుడు టీవీని చూడటమే ఎంత పెద్ద పనో చెబుతారు. టీవీ గురించి రాసేటప్పుడు చాలామంది చానళ్ల లెక్కతో మొదలుపెడతారు: అప్పుడు ఒకటి, ఇప్పుడు వందలు. నాకు ఆ లెక్కమీద పెద్దగా ఆసక్తి లేదు. ఎవరి పక్కన ఎవరు కూర్చుని చూశారన్నదే అసలు సంగతి. కందకుర్తి లాంటి సరిహద్దు ఊళ్లలో ఆ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

ఇందూరు దిక్కు తిప్పు

హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. అది రాజధాని చుట్టుపక్కలవాళ్ల భోగం. మన దాకా రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1982లో ఆసియా క్రీడలతో రంగుల ప్రసారం వచ్చింది. 1983లో ఇన్‌శాట్-1బి ఉపగ్రహం ఆకాశంలోకి వెళ్లింది. 1984లో ఢిల్లీ ప్రభుత్వం రోజుకొకటి చొప్పున దేశమంతా చిన్న ట్రాన్స్‌మీటర్లు పెట్టుకుంటూ పోయింది. లో పవర్ ట్రాన్స్‌మీటర్ అంటే వంద వాట్లది. చుట్టూ ఇరవై, పాతిక కిలోమీటర్లు దాటితే దాని ప్రాణం పోతుంది. జిల్లా కేంద్రం నిజామాబాద్‌కు, అంటే మా నోట ఇందూరుకు, దూరంగా నది ఒడ్డున ఉన్న ఊళ్లు ఆ గీత అంచున పడ్డాయి.

కాబట్టి యాంటీనా ఎత్తు పెంచాల్సిందే. ఒక ఇనుప పైపు చాలకపోతే దానికి ఇంకో పైపు, దాని చివర అల్యూమినియం పుల్లలు, మూడు వైపులా తీగలు లాగి కట్టడం. గాలివాన వస్తే అన్నిటికంటే ముందు ఒరిగేది అదే. ఆ తర్వాత జరిగే సంభాషణ తెలంగాణ పల్లెల్లో పెరిగిన నలభై దాటినవాళ్లందరికీ నోటికి వచ్చు:

"బొమ్మొచ్చిందా?"

"ఇంక రాలె. జర ఇందూరు దిక్కు తిప్పు."

"ఇప్పుడు?"

"ఆఁ, వచ్చింది వచ్చింది... అయ్యో, పాయె! గట్లనే పట్టుకో, ఇడ్వకు!"

పైనున్నవాడు పైపు పట్టుకుని అట్లాగే నిలబడితే కిందివాళ్లు సగం ఎపిసోడ్ చూసేవాళ్లు. వాడికి కథ తర్వాత చెప్పేవాళ్లు, అది కూడా గుర్తుంటేనే.

ఆ పెట్టె చూడటానికే ముచ్చటగా ఉండేది. చెక్క డబ్బా, ముందు పక్కకు జరిగే తలుపులు, వాటికి తాళం. డయనోరా, సాలిడేర్, క్రౌన్, మన హైదరాబాద్ ఈసీఐఎల్ చేసిన ఈసీ టీవీ. పక్కన స్టెబిలైజర్ గుయ్‌మంటూ ఉండేది. 1980ల నడిమి దాకా రేడియోకూ టీవీకీ పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సి వచ్చేదని ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు.

ఇక్కడొక విషయం గమనించాలి. ఈ చిన్న ట్రాన్స్‌మీటర్లు మొదట్లో అందించింది ఎక్కువగా ఢిల్లీ కార్యక్రమాలే. తెలుగు వార్తలు, శాంతిస్వరూప్ గొంతు, శుక్రవారం చిత్రలహరి, ధర్మవరపు సుబ్రహ్మణ్యానికి పేరు తెచ్చిన 'ఆనందోబ్రహ్మ' హైదరాబాద్ చుట్టూ ఉన్నవాళ్లకు అందినంత తొందరగా సరిహద్దు ఊళ్లకు అందలేదు. శాంతిస్వరూప్ 1983 నవంబర్ 14న తొలి తెలుగు టీవీ వార్తలు చదివారు. టెలీప్రాంప్టర్ లేని రోజుల్లో వార్తలన్నీ మనసులో పెట్టుకుని చెప్పిన మనిషి ఆయన. 2024 ఏప్రిల్‌లో పోయారు. మన వైపు ఆ తరానికి మొదట పరిచయమైన టీవీ భాష హిందీ.

కోస్తా పల్లెల్లో అది పెద్ద అడ్డంకి అయింది. ఇక్కడ కాలేదు. నిజాం కాలం నుంచి ఉర్దూ చెవిన పడుతున్న నేల ఇది. బోధన్ బజారులో బేరమాడాలన్నా, షక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ ఫోర్‌మన్‌తో మాట్లాడాలన్నా, నది దాటి నాందేడ్ వైపు బంధువుల ఇంటికి వెళ్లినా హిందీ లాంటి ఏదో ఒకటి నోట్లో ఉండాల్సిందే.

ఆదివారం తొమ్మిదిన్నర

1987 జనవరి 25న 'రామాయణ్' మొదలైంది. 1988 జులై దాకా ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు దేశం ఆగిపోయిందని అందరూ రాశారు. టీవీకి దండ వేయడం, ఊదుబత్తి వెలిగించడం, చెప్పులు బయట విడిచి కూర్చోవడం, అన్నీ ఇక్కడా జరిగాయి. అయితే ఆ గదిలో భాష ఎలా నడిచిందో ఎవరూ రాయలేదు.

రామానంద్ సాగర్ రామాయణంలో హిందీ నిండా సంస్కృతం. 'ఆజ్ఞ', 'వనవాస్', 'భ్రాత' లాంటివి తెలుగు ముసలమ్మకూ మరాఠీ ముసలాయనకూ ఇట్టే అర్థమయ్యేవి. కానీ మాట చివర క్రియ ఎక్కడికి పోతోందో వాళ్లకు చిక్కేది కాదు. ఉర్దూ ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు క్రియలన్నీ తెలుసు, సంస్కృతమే తెలియదు. అందరూ కలిస్తేగానీ ఒక వాక్యం పూర్తయ్యేది కాదు. "ఏమంటున్నడు బిడ్డా?" అని అవ్వ అడిగితే, పక్క గల్లీ పిల్లోడు "జానే కో బోల్‌రా నానీ" అనేవాడు. ఎక్కడికి వెళ్లమంటున్నాడో ఆమెకు ఎట్లాగూ తెలుసు. కథ ఆమె చెప్పేది, భాష వాడు చెప్పేవాడు.

పెద్దవాళ్లకు మాత్రం ఒక అసంతృప్తి ఉండేది. "అంత మంచిగున్నది గానీ, గీ రాముడు మన రామారావు లెక్క లేడు." అరుణ్ గోవిల్ ఎంత సౌమ్యంగా నవ్వినా ఆ తీర్పు మారలేదు.

1988 అక్టోబర్ 2న బీఆర్ చోప్రా 'మహాభారత్' వచ్చింది. 94 వారాలు నడిచిన ఆ ధారావాహికకు సంభాషణలు రాసింది రాహీ మాసూమ్ రజా అని టైటిళ్లలో పడగానే, ఉర్దూ చదవగలిగే పెద్దాయన ఒకరు గదిలో ఉంటే ఆ పేరు పైకి చదివేవారు. ఆ తర్వాతి గంట శ్రీకృష్ణుడిది, పాండవులది.

కరెంటు పోతే? ట్రాక్టర్ బ్యాటరీ. పద్నాలుగు అంగుళాల బ్లాక్ అండ్ వైట్ సెట్లు చాలావాటికి పన్నెండు వోల్టుల బ్యాటరీతో నడిచే ఏర్పాటు ఉండేది. ట్రాక్టర్‌లోంచి బ్యాటరీ ఊడదీసి, ఇద్దరు మోసుకొచ్చి, ఎర్ర తీగ ఎటో నల్ల తీగ ఎటో వాదించుకుని తగిలిస్తే, టక్కుమని వెలుగు. మరుసటి రోజు చెరుకు లోడు కట్టడానికి ట్రాక్టర్ స్టార్ట్ కాకపోతే దానికి కారణం భీష్ముడు అంపశయ్య మీద ఎక్కువసేపు మాట్లాడటమే.

ఈ జ్ఞాపకాల్లో తియ్యదనమే తలుచుకుంటే అబద్ధమాడినట్టవుతుంది. ఊరంతా కలిసి చూసిందన్నది నిజమే. అందరూ ఒక్కచోటే కూర్చోలేదన్నదీ అంతే నిజం. టీవీ ఉన్న ఇంటివాళ్లు మంచాల మీద, చుట్టాలు కుర్చీల్లో, పిల్లలు ముందు నేలమీద. పాలేర్లు, చెరుకు కొట్టేవాళ్లు కిటికీ బయట. కొన్ని కులాలవాళ్లు గడప దాటి లోపలికి రాలేదు, రమ్మని ఎవరూ అనలేదు. వాన పడుతుంటే తలమీద గోనెసంచి కప్పుకుని కిటికీ ఊచల్లోంచి హనుమంతుణ్ణి చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. తర్వాత్తర్వాత వాళ్లు తమ ఇంట్లో సొంత టీవీ కొనుక్కున్నప్పుడు ఊళ్లో కొందరు "వీళ్లకూ టీవీయా" అన్నారు. ఆ టీవీ ఆ ఇంటికి ఎంత అవసరమో అన్నవాళ్లకు తెలియదు. 'అప్పట్లో అందరం కలిసి చూసేవాళ్లం' అని నిట్టూర్చేవాళ్లు తాము ఎక్కడ కూర్చుని చూశారో కూడా చెబితే బాగుంటుంది.

దుబాయ్ పెట్టె

నిజామాబాద్ జిల్లాలో టీవీ చరిత్ర దుబాయ్ లేకుండా పూర్తికాదు. బోధన్, ఆర్మూర్, బాల్కొండ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయిన మనిషి రెండేళ్లకో మూడేళ్లకో సెలవుమీద వస్తే, అట్టపెట్టెల్లో టూ ఇన్ వన్, సెంటు సీసాలు, మెరిసే చీరల పక్కన ఒక కలర్ టీవీ, సంపాదన బాగుంటే ఒక వీసీఆర్ వచ్చేవి. చాలా ఊళ్లలో తొలి రంగుల బొమ్మ ఇట్లా సముద్రం దాటి వచ్చిందే.

వీసీఆర్ సొంతంగా లేనివాళ్లు అద్దెకు తెచ్చేవాళ్లు. పెళ్లయినా, పండుగయినా, గణపతి మండపమైనా రాత్రికి టీవీ, వీసీఆర్, మూడు క్యాసెట్లు. ఒకటి ఎన్టీఆర్‌దో కృష్ణదో, ఒకటి చిరంజీవిది, ఒకటి అమితాబ్‌ది. మూడో సినిమా మొదలయ్యేసరికి పిల్లలు వాకిట్లోనే చాప మీద నిద్రపోయేవాళ్లు. క్యాసెట్ మధ్యలో గీతలొస్తే, ఆపరేటర్ మూత తీసి హెడ్ తుడిచేవాడు. ఆ ఐదు నిమిషాల్లోనే ఛాయ్ తిరిగేది.

భాషకో చానల్

1992లో జీ టీవీ. 1993లో మద్రాసు నుంచి సన్. 1995లో తెలుగుకు జెమిని, ఈటీవీ వచ్చాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో క్రికెట్ ప్రసారాల కేసులో గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఆస్తిని ఊళ్లో పంచిపెట్టింది మాత్రం కేబుల్ ఆపరేటరే. ఇంటి మీద పెద్ద గొడుగు లాంటి డిష్, అక్కడి నుంచి కరెంటు స్తంభాల మీదుగా, చింతచెట్ల కొమ్మల మీదుగా నల్ల తీగ. కోతి ఊగితే వీధి మొత్తానికి బొమ్మ పోయేది. రాత్రి తొమ్మిదికి కేబుల్ అన్న తన ఇష్టం వచ్చిన సినిమా వేసేవాడు. ఫోన్ చేసి అడిగితే మీకు కావలసిన పాట కూడా వేసేవాడు.

ఇక్కడే కందకుర్తి లాంటి ఊళ్లలో ఒక చీలిక మొదలైంది. నిన్నటిదాకా ఒకే హిందీ చానల్ ముందు కూర్చున్న మూడు ఇళ్లు మూడు వైపులా తిరిగాయి. తెలుగు ఇంట్లో ఈటీవీ, జెమిని, తర్వాత మా, జీ తెలుగు. 2000లో ఈటీవీ మరాఠీ వచ్చింది, 2001లో ఈటీవీ ఉర్దూ. విచిత్రమేమిటంటే ఈ మూడు ఈటీవీలూ నడిచింది ఒక్కచోటి నుంచే, హైదరాబాద్ శివార్లలోని రామోజీ ఫిల్మ్ సిటీ నుంచి. ఒకే ప్రహరీ లోపల తయారైన మూడు చానళ్లు ఇక్కడికొచ్చేసరికి మూడు గోడల వెనక చేరాయి. ఎవరి భాష వాళ్లకు దొరికింది. ఎవరూ ఎవరికీ క్రియాపదం చెప్పాల్సిన పని లేకపోయింది.

దీన్ని తప్పు పట్టడం నాకు ఇష్టం లేదు. మరాఠీ ముసలాయన నలభై ఏళ్లుగా ఎదురుచూసిన కీర్తనలు, నాటకాలు ఆయనకు తన భాషలో దొరికాయి. ఉర్దూ ఇంట్లో ఆడవాళ్లు ముషాయిరా చూశారు. తెలుగు రైతు పొద్దున్నే 'అన్నదాత' చూసి పసుపుకు వచ్చిన తెగులు పేరు తెలుసుకున్నాడు. పిల్లలు 1996 నుంచి బాలసుబ్రహ్మణ్యం 'పాడుతా తీయగా' చూసి సంగతులు దిద్దుకున్నారు. ఢిల్లీ ఒక్కటే మాట్లాడుతుంటే అందరూ వినడంకన్నా ఇది మేలే.

కాకపోతే 'మన భాష' అన్నప్పుడు అది ఎవరి తెలుగో అడగాలి. ఆ చానళ్లలో తెలుగు చాలాకాలం కృష్ణా, గుంటూరు తెలుగే. వార్తలు ఆ యాసలోనే, సీరియల్లో అత్తాకోడళ్లు ఆ యాసలోనే. మన నిజామాబాద్ మాట టీవీలో వినబడాలంటే పాత్ర పనిమనిషో రౌడీనో జోకరో కావాలి. బడి నుంచి వచ్చిన పిల్ల "అట్ల కాదమ్మా, అలా అనాలి" అని తల్లిని సరిదిద్దడం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే.

అది తిరగబడింది తెలంగాణ ఉద్యమంతో. 2011లో టీ న్యూస్, 2012లో వీ6 వచ్చాయి. వీ6 'తీన్మార్ వార్తలు' రాత్రి పూట మొదలవగానే జనం ఛాయ్ హోటల్లో టీవీ వైపు కుర్చీలు తిప్పుకున్నారు. అందులో బిత్తిరి సత్తి నవ్వించింది తన యాసతో, అదే యాసను వెక్కిరించి కాదు. ఇది చిన్న మార్పు కాదు. నా మట్టుకు నాకు, ఈ ముప్ఫై ఏళ్ల తెలుగు టీవీలో జరిగిన పెద్ద పని ఇదే.

వార్తా చానళ్లు ఇంకో అలవాటు కూడా నేర్పాయి. 2010 జులైలో బాబ్లీ ప్రాజెక్టు చూడటానికి బయలుదేరిన చంద్రబాబు నాయుడిని, తెలుగుదేశం నాయకులను మహారాష్ట్ర పోలీసులు అరెస్టు చేసి ధర్మాబాద్‌లో ఉంచారు. నది అవతల, కొద్ది కిలోమీటర్ల దూరంలో. అక్కడ ఏం జరుగుతోందో ఇవతలి ఒడ్డువాళ్లు తెలుసుకున్నది హైదరాబాద్ స్టూడియో ద్వారా. అప్పటి నుంచి పక్క ఊళ్లో గొడవైనా టీవీ పెట్టి చూడటం మామూలైపోయింది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ సంగతీ అంతే. 1937లో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుని, 2002లో ప్రైవేటు చేతికి పోయి, 2015 డిసెంబర్‌లో మూతపడిన ఆ ఫ్యాక్టరీ, ఎన్నికలు వచ్చినప్పుడల్లా టీవీ చర్చల్లో తెరుచుకుంటుంది.

చాటలో తంబాకు, చెవిలో సీరియల్

టీవీ సీరియల్ అనగానే మొహం చిట్లించేవాళ్లు ఒకసారి నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే ఇంటికి మధ్యాహ్నం పూట వెళ్లాలి.

ఒడిలో చాట. అందులో ఒక పక్క తంబాకు, ఒక పక్క తడిపి కత్తిరించిన తునికాకు. ఆకు తీసుకుని, చిటికెడు తంబాకు పోసి, వేళ్లమధ్య దొర్లించి, చివర మడిచి, దారం చుట్టి తెంపడం. ఒక్క బీడీకి కొన్ని క్షణాలు. కూలి వెయ్యి బీడీల లెక్కన. వెయ్యి పూర్తవ్వాలంటే పొద్దున మొదలుపెట్టి పొద్దుగూకే దాకా చేతులు ఆగకూడదు. ఆ ఆడవాళ్లు సీరియల్‌ను చూడరు, వింటారు. కళ్లు చాటలోనే ఉంటాయి. డబ డబ మని సంగీతం మోగినప్పుడు మాత్రం తల పైకి లేస్తుంది. తెరమీద కోడలి మొహం, అత్త మొహం, మళ్లీ కోడలి మొహం. మూడుసార్లు చూపిస్తారు కదా అని మనం వెక్కిరిస్తాం. మూడుసార్లు చూపించకపోతే, దారం తెంపి తలెత్తే లోపల ఆ మొహం పోతుంది.

ఆ ఉరుములు, ఆ జూమ్‌లు, ఒకే విషయాన్ని నలుగురితో నాలుగుసార్లు చెప్పించడం, ఇవన్నీ చేతులు ఖాళీగా లేని ప్రేక్షకురాలికి బాగా కుదిరాయి. సోఫాలో కూర్చుని చూసే విమర్శకుడికి అది సాగదీతే. చాట పట్టుకున్నామెకు రెండు వారాలు చూడకపోయినా కథ చేజారదు.

'చక్రవాకం', 2008 నుంచి 2013 దాకా జెమినిలో 'మొగలిరేకులు', 2017 నుంచి 2023 దాకా స్టార్ మాలో 'కార్తీకదీపం'. ఆ చివరిదాంట్లో వంటలక్క తన బిడ్డలకు తండ్రి ఎవరో డాక్టర్ బాబుకు ఎప్పుడు నమ్మకం కలిగిస్తుందా అని ఐదేళ్లు ఎదురుచూసింది ఈ గదులే. పాత్రలు ఎదురైతే పలకరించేంత చనువు. "ఆ డాక్టర్ బాబుకు బుద్ధి లేదక్కా, ఇంత సదువుకున్నడు" అని ఒకామె అంటే, ఇంకో ఆమె "సదువుకున్నోళ్లకే లేదు" అనేది. దుబాయ్‌లో ఉన్న భర్త పంపే డబ్బు, రాని ఉత్తరం, అత్తింటి మాట, ఆడపిల్ల పెళ్లి అన్నీ ఆ సీరియల్ మాటున ఈ గదిలో చర్చకు వచ్చేవి. కూలి పెరగలేదని మాట్లాడుకున్నదీ ఇక్కడే. ఇంటింటికీ టీవీ వచ్చాక ఇంకా పది మంది కలిసి టీవీ ముందు కూర్చున్న చివరి చోటు బహుశా ఈ బీడీల గదే.

మనిషికో తెర

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది. 2017 వచ్చేసరికి పల్లె కేబుల్ కూడా సెట్ టాప్ బాక్సుల్లోకి మారాలన్నారు. 2019 ఫిబ్రవరి నుంచి ఏ చానల్ కావాలో ఏరుకుని డబ్బు కట్టమన్నారు. ఏరుకోవడం తలనొప్పి అనుకున్నవాళ్లు ఫోన్‌లోకి జారుకున్నారు. దూరదర్శన్ 2022 నాటికి తన గాలి ప్రసారాల ట్రాన్స్‌మీటర్లను దాదాపు అన్నిచోట్లా ఆపేసింది. ఇందూరు దిక్కు తిప్పాల్సిన పైపు ఇప్పుడు చాలా ఇళ్లమీద బట్టలు ఆరేసే తీగకు ఆసరా.

ఇప్పుడు సాయంత్రం ఎనిమిదింటికి ఒక ఇల్లు ఎట్లా ఉంటుందో చెప్పడం తేలిక. హాల్లో టీవీలో నానమ్మ సీరియల్. రిమోట్ ఆమెదే, ఎవరూ పోటీకి రారు. చిన్న కొడుకు బయట అరుగుమీద యూట్యూబ్‌లో ట్రాక్టర్ వీడియోలో, క్రికెట్టో. పెద్ద కోడలు వీడియో కాల్‌లో దుబాయ్‌లో ఉన్న భర్త ముఖం చూస్తూ అన్నం వడ్డిస్తోంది. దుబాయ్‌లో వాట్సాప్ కాల్స్ పనిచేయవు గనుక వేరే యాప్ వెతుక్కోవాల్సిందే. పిల్లలు రీల్స్. రాత్రిపూట చెరుకుకు నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతు చేతిలోనూ ఓ తెర వెలుగుతూ ఉంటుంది. మునుపు రేడియో పట్టుకెళ్లేవాడు.

ఒకప్పుడు రిమోట్ కోసం ఇళ్లలో యుద్ధాలు జరిగాయి. తండ్రికి వార్తలు, పిల్లలకు 'శక్తిమాన్', తల్లికి సీరియల్. ఆ కొట్లాటలు ఇప్పుడు లేవు. బాగానే ఉంది. కాకపోతే ఆ కొట్లాటలో ఓడిపోయిన పిల్లవాడు తండ్రి పక్కన కూర్చుని ఇష్టం లేకుండా వార్తలు చూసేవాడు. తండ్రి గెలవలేక 'జంగిల్ బుక్' చూసేవాడు. తనకు అక్కరలేనిదాన్ని చూడాల్సి రావడం అప్పటి టీవీలో తప్పించుకోలేని విషయం. 'కృషిదర్శన్' అయ్యేదాకా కూర్చుంటేనే పాటలు. ఆ నిరీక్షణలో పట్నం పిల్లలకు వరి నాట్లంటే ఏమిటో తెలిసింది. ఫోన్ అట్లా చేయదు. మనకు నచ్చినదాని పక్కనే ఇంకా నచ్చేదాన్ని తెచ్చి పెడుతుంది. తెలుగు ఫోన్‌లో మరాఠీ వీడియో దానంతట అది రాదు. నది అవతలి ఊరి పాట ఇవతలి పిల్లవాడికి వినబడదు.

పూర్తిగా అలా అనేసినా అన్యాయమే. పక్క జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 'మై విలేజ్ షో' యూట్యూబ్‌లో మొదలై గంగవ్వను ఇంటింటికీ తీసుకెళ్లింది. చదువుకోని, పొలంపని చేసే మనిషి తన మాటల్లోనే లక్షలమందితో మాట్లాడింది. 2020లో బిగ్ బాస్ నాలుగో సీజన్‌లోకి వెళ్లింది. ఏ టీవీ చానల్ ఆడిషన్‌లోనూ ఆమెను తీసుకుని ఉండేవాళ్లు కాదు. కిటికీ బయట నిలబడి చూసిన తరం పిల్లలు ఇప్పుడు కెమెరా పట్టుకుని తామే తీస్తున్నారు. కందకుర్తి ఒడ్డున వరద వీడియో తీసేది కూడా వాళ్లే. చూసేవాళ్లు చీలిపోయారు నిజమే, చూపించే హక్కు మాత్రం పదిమందికీ దక్కింది. ఈ రెండోది మనం చాలినంతగా చెప్పుకోవడం లేదు.

2020లో ఒకసారి

కరోనా ఏడాది ఈ అలవాటును కొద్దికాలం వెనక్కి లాగింది. లాక్‌డౌన్ మొదలైన వారంలోపే, మార్చి 28 నుంచి, 'రామాయణ్' మళ్లీ వేశారు. ఏప్రిల్ 16న ఒక్కరోజే 7 కోట్ల 70 లక్షలమంది చూశారని దూరదర్శన్ ప్రకటించింది. తాతలు మనవళ్లకు ముందే కథ చెప్పేసి తిట్లు తిన్నారు.

అయితే నాకు ముఖ్యమనిపించింది ఆ సెప్టెంబర్ 1. బడులు మూతపడి ఉండగా తెలంగాణ ప్రభుత్వం మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా పాఠాలను దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో మొదలుపెట్టింది. టీవీ లేని పిల్లలను ఏం చేయాలి? ఉపాధ్యాయులు వాళ్లను పక్కింటి టీవీకి, తోటి విద్యార్థి ఇంటికి, గ్రామ పంచాయతీ టీవీకి జత చేశారు. అంటే ముప్ఫై ఏళ్ల తర్వాత పిల్లలు మళ్లీ ఇంకొకరింటికి టీవీ చూడటానికి వెళ్లారు. ఈసారి కిటికీ బయట కాదు, లోపల, నోటు పుస్తకంతో.

టీవీ మన దేశ పల్లెలకు పెద్ద ఎత్తున మొదట వచ్చింది కూడా ఇట్లాంటి పనికే. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు పాఠాలు, వ్యవసాయం, ఆరోగ్యం చూపించిన 'సైట్' ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. సెట్టు ఏ ఒక్కరి ఇంట్లోనూ పెట్టలేదు. బడిలో, పంచాయతీలో, అందరూ వచ్చి కూర్చునే చోట పెట్టారు. ఆ ఆలోచన పాతదే గానీ పనికిరానిది కాదు.

ఈ వ్యాసం చదువుతున్న సర్పంచులకు, ఉపాధ్యాయులకు, యువజన సంఘాలకు ఒక మనవి. ఆన్‌లైన్ పాఠాల కోసం తెచ్చిన పంచాయతీ టీవీ మీ ఊళ్లో గుడ్డ కప్పుకుని మూలన ఉండవచ్చు. దాన్ని వారానికొకసారి బయటికి తీయండి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు టీ-శాట్ నిపుణలో పాఠాలు వస్తున్నాయి, వాళ్లను కూర్చోబెట్టండి. మిగతా రోజుల్లో ఒక మంచి తెలుగు సినిమా వేయండి, ఇంకో రోజు మరాఠీది, ఇంకో రోజు ఉర్దూది. అర్థం కానిచోట పక్కనున్నవాళ్లు చెబుతారు. కుర్చీలు మాత్రం అందరికీ ఒకే వరుసలో వేయండి.